గోల్ ఒకటోసారి, గోల్ రెండోసారి

ఆదివారం సాయంత్రం వరకు నన్ను అందరూ మైక్ ప్రసాద్ అనేవాళ్లు. సోమవారం పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందకి దిగితే మా వాచ్‌మన్ వేరే పేరుతో పలకరించాడు. ఆ పేరేంటో ఇప్పుడే చెప్పను. ముందు టీ పోయండి. జరిగిందంతా విని మీరూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ కొన్నాళ్లు ఎల్బీనగర్ వైపు ఏ పనున్నా నన్ను మాత్రం పిలవకండి. ఆ సందులోకి వెళ్లే ముఖం నాకు లేదు.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్, అందులో అడ్మిషన్ల కౌంటర్. "బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుంది? హాస్టల్లో భోజనం బాగుంటుందా?" రోజంతా ఇవే ప్రశ్నలు, ఇవే జవాబులు. గొప్పగా చెప్పుకోవడానికి నాకున్నది ఒకటే, గొంతు. తెనాలి నుంచి వచ్చి ఈ కాలనీలో దిగిన దగ్గర్నుంచి వినాయక మండపంలో మైక్ నాదే. పిల్లాడు తప్పిపోయినా నేనే, "తెల్ల కారు ఎవరిదో అడ్డం తీయండి" అనాలన్నా నేనే. అన్నిటికంటే ముఖ్యం, నిమజ్జనం రోజు లడ్డూ వేలంపాట. "లడ్డూ ఒకటోసారి... లడ్డూ రెండోసారి..." అని నేను ఆగుతాను చూడండి, ఆ ఆగడంలోనే ఉంది కిటుకంతా! అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ పెద్దమనిషి కూడా చెయ్యెత్తేస్తాడు. "ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి నోరు రాదు గానీ, మైక్ దొరికితే ఈయన్ని పట్టలేం" అని మా ఆవిడ విజయ అందరికీ చెబుతూ ఉంటుంది. నిజమే మరి. ఏడాదిలో ఆ కొద్ది రోజులే నేను ప్రసాద్ గారిని. మిగతా అంతా "హలో, కౌంటర్"ని.

ఈసారి ఆ మైక్‌కే ఎసరొచ్చింది.

మా మండపం కమిటీ ప్రెసిడెంట్ యాదగిరి. నల్గొండ దగ్గర ఊరు, మనిషి మంచివాడు, ఎల్బీనగర్‌లో ఒక సెల్లార్‌లో బార్ అండ్ రెస్టారెంట్ నడుపుతాడు. ఆయన మేనల్లుడు కిట్టు, డీజే. చెవికి పోగు, మెడలో హెడ్‌ఫోన్. ఈ ఏడాది కమిటీలో కుర్రాళ్లంతా కిట్టు వైపు తిరిగారు. ప్రసాద్ సార్ గొంతు పాతబడింది, కిట్టు అయితే బీట్ వేసి వేలం పాడతాడు అంటున్నారట. వేలంపాటకి బీటేంటండీ! ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

అలాంటి టైమ్‌లో యాదగిరి స్వయంగా మా కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"సారూ, ఆదివారం ఫైనల్ మ్యాచ్ ఉంది. ఫుట్‌బాల్. మా బార్ల ఏస్తున్న. నువ్వు రావాలె."

"చూడ్డానికా?"

"చెప్పడానికి."

సంగతేంటంటే, బార్లలో మ్యాచ్ వేయాలంటే మనింట్లో కనెక్షన్ పనికిరాదట. దానికి వేరే ప్యాకేజీ ఉంటుంది, ఆ రేటు విని యాదగిరి కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు డిష్‌లు బిగించే సలీం ఒక చిన్న నల్ల డబ్బా తెచ్చి చూపించాడు. ఏదో దేశం చానెల్. ఆ దేశం పేరు సలీంకీ సరిగ్గా తెలియదు. అక్కడ ఇదే మ్యాచ్ చాలా చవకగా ఇస్తారట. మన కరెంటు బిల్లులో మూలకు కూడా రాదట.

"ఇది తప్పు కాదా సలీం?" అని తర్వాత నేనే అడిగాను.

"తప్పు అనెటోడు వచ్చి చూస్తే తప్పు సార్. చూడకపోతే ఏం పరేషాన్ లేదు" అన్నాడు. "కాకపోతే ఆ సిగ్నల్ దునియా అంతా తిరిగి వస్తది. జర లేట్ ఉంటది. ఎవనికి తెలుస్తది?"

ఆ "జర లేట్" అన్న ముక్కే నా కొంప ముంచింది. అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

తెచ్చుకున్నాక చూస్తే, ఆ చానెల్ కామెంట్రీ ఒక్క ముక్క అర్థం కాదు. పైగా టీవీ మూలన ఆ చానెల్ గుర్తు. బయటివాళ్లు చూస్తే గొడవని యాదగిరి దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు అతికించాడు. స్కోరు, టైమ్ కూడా సరిగ్గా అక్కడే పడతాయని అతికించాక తెలిసింది. ఇంకేముంది, సౌండ్ మ్యూట్, స్కోరు మాయం. మ్యాచ్ మొత్తం ఎవరో ఒకరు నోటితో చెప్పాలి.

"నాకు ఫుట్‌బాల్ రాదు యాదగిరి గారూ!"

"లడ్డూ నువ్వేమన్న కొంటవా? కొనకుంటనే రేటు పెంచుతలేవా?"

ఆయన కౌంటర్ మీదకి వంగి గొంతు తగ్గించాడు.

"ఆదివారం పబ్లిక్ ఖుషీ అయ్యిన్రనుకో, ఈసారి గూడ మండపంల మైక్ నీదే. కమిటీల ఎవడు మాట్లాడ్తడో నేను చూస్త. గడ్‌బడ్ అయ్యిందనుకో, ఇగ నేనేం చెయ్యలేను. కిట్టు మా అక్క కొడుకు, ఇంట్ల గూడ జవాబు చెప్పాలె."

ఒప్పుకోకుండా ఎలా ఉంటాను? శనివారమంతా చదువుకున్నాను. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో మా ఫిజిక్స్ సార్ బోర్డు మీద బొమ్మేసి మరీ చెప్పాడు. ఆయనకీ తెలియదని సగం బొమ్మ అయ్యాక అర్థమైంది.

ఆదివారం సాయంత్రం సెల్లార్ కిటకిటలాడిపోతోంది. ఎక్కువమంది మలయాళీలు, చుట్టుపక్కల దవాఖానల్లో పనిచేసే నర్సులు, టెక్నీషియన్లు. అందరూ పసుపు జెర్సీలే. ఓ మూల నాలుగైదు టేబుళ్ల దగ్గర నీలం జెర్సీల వాళ్లు. పసుపు వాళ్లకి లీడర్ జోబి అని ఒక మేల్ నర్సు. నిలువెత్తు మనిషి, గుబురు గడ్డం. వచ్చి నా చెయ్యి పట్టుకుని, "సార్, ఈ టీమ్ మాకు ప్రాణం. మంచిగా చెప్పాలి" అన్నాడు. ఆ పట్టుకి నా వేళ్లు నలిగాయి.

అది సెల్లార్ కాబట్టి ఫోన్లకి సిగ్నల్ రాదు. స్కోరు కావాలంటే మెట్లెక్కి రోడ్డు మీదకి పోవాలి. మైక్, స్పీకర్లు కిట్టువి. అతనిచ్చిన వైరు పొట్టిది, కావాలనే ఇచ్చాడేమో, హాలు చివర చేతులు కడుక్కునే చోటు పక్కనే నిలబడాల్సి వచ్చింది. నా తల మీద ఒక వెంటిలేటర్. దాని అవతల అబ్బాయిల హాస్టల్, సరిగ్గా వాళ్ల టీవీ హాలు. ఇది గుర్తుపెట్టుకోండి.

మైక్ చేతికి రాగానే అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"భక్తులకు విజ్ఞప్తి..."

బార్‌లో! హాలంతా గొల్లుమంది. కిట్టు దానికి ఒక డప్పు బీట్ కూడా వేశాడు. సరే, సర్దుకుని మొదలుపెట్టాను. ఆటగాళ్ల పేర్లు తెలియవు, తెర మీద పడేవి మనకి రాని లిపి. నేనే పేర్లు పెట్టుకున్నాను. పసుపు వాళ్లలో పిలకాయన, గుండాయన. నీలం వాళ్లలో టాటూల తమ్ముడు. "పిలకాయన దగ్గర బంతి... గుండాయనకిచ్చాడు... దయచేసి తోపులాట వద్దు... అయ్యో, టాటూల తమ్ముడు లాగేసుకున్నాడు!" జనం నవ్వుతున్నారు, కానీ ఈసారి నాతోపాటు నవ్వుతున్నారు. ఆ తేడా మైక్ పట్టుకున్నవాడికి వెంటనే తెలుస్తుంది. కొంచెం ధైర్యం వచ్చింది.

కాసేపటికి నా తల మీద వెంటిలేటర్లోంచి "హేఏఏ!" అని పెద్ద అరుపు. ఈ హాస్టల్ పిల్లలకేమైంది అనుకున్నాను. ఒక గుటక టీ తాగేంత టైమ్ గడిచిందో లేదో, మా టీవీలో పిలకాయన గోల్ కొట్టాడు. హాలు దద్దరిల్లింది. "గోల్ ఒకటోసారి! గోల్ రెండోసారి! గోల్ మూడోసారి!" అని పాడేశాను. అందరికీ తెగ నచ్చింది, వాళ్లూ అందుకున్నారు.

ఇంకాసేపటికి వెంటిలేటర్లోంచి "అబ్బాఆఆ" అని మూలుగు. ఒక గుటక టైమ్. మా టీవీలో నీలం వాళ్ల గోల్.

అప్పుడు వెలిగింది నాకు! హాస్టల్లో ఉన్నది మన మామూలు కనెక్షన్. మాది దునియా అంతా తిరిగొచ్చే సిగ్నల్. వాళ్లకి ముందు పడుతుంది, మాకు తర్వాత. పైగా హాస్టల్ పిల్లలు కూడా పసుపు పార్టీయే. "హే" అంటే మన గోల్, "అబ్బా" అంటే వాళ్ల గోల్. హాల్లో ఆ గోలలో ఇంకెవ్వరికీ అది వినపడదు. వెంటిలేటర్ కింద నిలబడ్డ నాకొక్కడికే వినపడుతుంది.

బుద్ధున్నవాడైతే నవ్వుకుని ఊరుకుంటాడు. నేను ఊరుకోలేదు.

సెకండ్ హాఫ్‌లో మళ్లీ "హేఏఏ!" వినపడింది. నేను ఒక చెయ్యి పైకెత్తాను. "ఆగండి! ఎవ్వరూ గ్లాసు ఎత్తొద్దు. నా మనసుకేదో తోస్తోంది. గోల్ ఒకటోసారి... గోల్ రెండోసారి..." అని, లడ్డూ దగ్గర ఆగినట్టే ఆగాను. టీవీలో గుండాయన తల ఆనించాడు. బంతి లోపల!

"మూడోసారి!"

హాల్లో లేచిన కేకలు చెప్పలేను. జోబి వచ్చి నా పాదాల వైపు వంగబోయాడు, పట్టుకుని ఆపాను. మళ్లీ "అబ్బా" వినపడితే, "పసుపు సోదరులు గుండె రాయి చేసుకోండి" అన్నాను. అన్నట్టే నీలం వాళ్ల గోల్ పడింది. అంతే, జనం టీవీని వదిలేశారు. నన్నే చూస్తున్నారు! ఇన్నేళ్లలో మండపంలో కూడా నన్ను ఎవరూ అలా చూడలేదు. నా ఒళ్లంతా గర్వం పాకింది, దాచుకోవడమెందుకు.

యాదగిరి జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "మైక్ నీదే సారూ. మాటిస్తున్న. లడ్డూ నీ నోటితోనే పోవాలె."

ఆ మాటతో నేను వచ్చిన పని పూర్తయింది. అక్కడితో గొంతు బాగాలేదని మైక్ పెట్టేసి ఇంటికొచ్చేసినా ఈరోజు మీ ముందు దర్జాగా కూర్చునేవాణ్ని.

కిట్టు మాత్రం నన్నే గమనిస్తున్నాడు. "సార్, మీకు ముందుగాల ఎట్ల తెలుస్తుంది?" అని అడిగాడు.

"అనుభవం బాబూ."

"ఫుట్‌బాల్ల అనుభవమా?"

నేను వెంటిలేటర్ వైపు చూపు పోకుండా జాగ్రత్తపడి మళ్లీ మైక్ ఎత్తాను.

అప్పుడే మొదలైంది నా కష్టకాలం. హాల్లో ఉన్నట్టుండి ఉక్కపోత. "ఏసీ ఆగినట్టుంది" అని ఎవరో అంటే, "జనం ఎక్కువైన్రు, గందుకే" అన్నాడు వెయిటర్. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, టీవీ నడుస్తూనే ఉంది. నేనూ పట్టించుకోలేదు. నన్ను భయపెట్టింది వేరే. వెంటిలేటర్లోంచి చప్పుడు రావడం లేదు. హే లేదు, అబ్బా లేదు. చెవి రిక్కించాను. చివరికి దగ్గు కూడా వినపడలేదు. కిట్టు వెళ్లి అవతల నుంచి మూయించాడేమోనని తలెత్తి చూశాను. తెరిచే ఉంది.

టీవీలో ఆట వేడెక్కింది. స్కోరు సమానం. టాటూల తమ్ముడు కొట్టిన బంతి గోల్ కర్రకి తగిలి వెనక్కి వచ్చింది. హాలు మొత్తం ఊపిరి బిగబట్టి వదిలింది. జోబి నా వైపు తిరిగాడు.

"సార్, ఇది మీరు ముందు చెప్పలేదు?"

నా నోరు ఊరుకోదుగా! "గోల్ అయితేనే చెప్తాను జోబీ. కాదు కాబట్టి చెప్పలేదు."

చప్పట్లు! నా గోతిని నేనే ఇంకాస్త లోతుగా తవ్వుకున్నాను. ఇప్పుడు నేను నోరు విప్పితే గోల్, విప్పకపోతే గోల్ కాదు. హాలంతా అలా ఖాయమైపోయింది.

ఇంకేం, ఆట చివర్లో గుండాయన్ని నీలం వాళ్లు పడేశారు. రిఫరీ ఈల వేసి చెయ్యి చూపించాడు. పెనాల్టీ! పసుపు వాళ్లకి! ఇది పడితే గెలుపే. పిలకాయన బంతి తీసుకుని ముద్దు పెట్టుకుని కింద పెట్టాడు.

ఒక్కరు కూడా టీవీ వైపు చూడటం లేదంటే నమ్మండి. కుర్చీలు తిప్పుకుని మరీ నన్ను చూస్తున్నారు. కిట్టు బీట్ ఆపేశాడు. యాదగిరి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. జోబి కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకుంటున్నాడు. నా చేతిలో మైక్ చెమటకి జారిపోతోంది. వినాయకా, ఒక్క హే ఇప్పించు స్వామీ, ఒకే ఒక్క హే, ఆ మైక్ నాకు కావాలి అని మనసులో మొక్కుకున్నాను.

"హేఏఏఏఏ!"

వెంటిలేటర్ అదిరిపోయింది. సాయంత్రమంతా వాళ్లు అరిచిన అన్ని అరుపుల కన్నా పెద్దది. ఈలలు, చప్పట్లు, బకెట్ మీద దరువు కూడా!

"గోల్ ఒకటోసారి! గోల్ రెండోసారి! గోల్ మూడోసారీఈఈ!" ఈసారి ఆగనైనా లేదు, ఒకే ఊపులో పాడేశాను.

ఇక చూడండి. టీవీలో పిలకాయన ఇంకా నడుం మీద చెయ్యేసుకుని నిలబడే ఉన్నాడు, ఇక్కడ మేం గెలిచేశాం! యాదగిరి నా చేతిలో మైక్ లాక్కుని, "అందరికి చికెన్ సిక్స్టీఫైవ్ ఫ్రీ!" అని కేకేసి మళ్లీ నా చేతిలో పెట్టాడు. ఎవరో మెట్లెక్కి పరిగెత్తి, గెలిస్తే కాల్చుదామని తెచ్చిన పటాకుల సరం రోడ్డు మీద అంటించేశారు. టపటపటపా! జోబి నన్ను అమాంతం ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు.

సెల్లార్ కప్పు తక్కువ ఎత్తు. నా ముఖం సరిగ్గా ఏసీ ముందుకి వచ్చింది. అప్పుడే ఆ ఏసీ గుర్రుమని మొదలై నా ముఖం మీదకి చల్లటి గాలి కొట్టింది.

ఏసీ ఇప్పుడెందుకు వచ్చింది? ఇందాక ఎందుకు ఆగింది?

కరెంటు! ఈ సందులో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద మా లైట్లు, టీవీ, మైక్ నడిచాయి కాబట్టి మాకు తెలియలేదు. హాస్టల్లో టీవీ ఆగిపోయింది, పిల్లలు చీకట్లో కూర్చున్నారు. ఇప్పుడు కరెంటు వచ్చింది. కరెంటు వస్తే మనదేశంలో పిల్లలేం చేస్తారు? చిన్నప్పుడు మనమేం చేశాం?

అందరూ నా చుట్టూ గంతులేస్తున్నారు, అందరి ముఖాలూ నా వైపే. టీవీ వైపు తిరిగి ఉన్నది లోకంలో నేనొక్కణ్నే, జోబి భుజాల మీద. పిలకాయన పరిగెత్తాడు. కొట్టాడు. గోల్‌కీపర్ పెద్దగా కష్టపడలేదు, పసిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు బంతిని రొమ్ముకి హత్తుకున్నాడు. లేచి దూరంగా తన్నాడు. టాటూల తమ్ముడికి అందింది. ఎదురుగా ఎవరూ లేరు. అతను వెళ్లి, ఏ హడావిడీ లేకుండా, అవతల గోల్‌లో వేసి వచ్చాడు.

మైక్ నా చేతిలోనే ఉంది. కింద నుంచి జోబి, "సార్, చెప్పండి, ఇంకా చెప్పండి!" అని ఊపుతున్నాడు.

ఏం చెప్పను? నోరు తెరిచాను. అలవాటైన మాటే వచ్చింది.

"భక్తులకు విజ్ఞప్తి... ఇందాకటి గోల్ వెనక్కి తీసుకోవడమైనది."

గంతులు ఆగాయి. ఒక్కొక్క తలా టీవీ వైపు తిరిగింది. అక్కడ నీలం జెర్సీలు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నాయి. మూలన ఉన్న నీలం టేబుళ్ల వాళ్లు ముందు నమ్మలేదు, తర్వాత కుర్చీలెక్కారు. జోబి నన్ను కిందకి దించాడు. ఎత్తినంత ప్రేమగా దించలేదు. నేరుగా టీవీ దగ్గరికెళ్లి స్కోరు చూద్దామని నల్ల టేపు పీకేశాడు. అంకెలు కూడా మనకి రాని లిపిలోనే ఉన్నాయి.

అంతలో, అందరికీ వినపడేలా, వెంటిలేటర్లోంచి ఒక గొంతు.

"అరేయ్, కరెంటొచ్చి గింతసేపయింది, బాక్స్ ఇంక తిరుగుతనే ఉందిరా! స్కోర్ ఎంతనో ఏమో!"

కిట్టు కుర్చీ ఎక్కి వెంటిలేటర్లోంచి తొంగి చూశాడు. "మామా! గీడికెళ్లి ఇనుకుంట చెప్పిండు! కరెంటొచ్చిందని అరిస్తే గోల్ అన్నడు!"

భూమి చీలలేదు. సెల్లార్‌లో ఉన్నాను, అంతకంటే కిందకి పోయే దారి కూడా లేదు.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు. పెట్రోలింగ్ కానిస్టేబుల్.

"రోడ్డు మీద పటాకులు ఎవడు కాల్చిండు? ఏం ఫంక్షన్?"

యాదగిరి భుజం మీద తువ్వాలు తీసి చటుక్కున నల్ల డబ్బా మీద పడేశాడు. "ఫంక్షన్ కాదు సార్. మ్యాచ్."

"గెలిచిన్రా?"

"ఓడినం సార్."

"ఓడితే పటాకులు కాలుస్తరా?"

హాల్లో ఉన్న వేళ్లన్నీ నా వైపు చూపించాయి. కానిస్టేబుల్ నన్ను పైనుంచి కిందకి చూసి, తర్వాత టీవీ చూశాడు. టేపు లేని మూలన చానెల్ గుర్తు మెరిసిపోతోంది. "గిదేం చానెల్? సౌండ్ పెట్టు."

యాదగిరి ముఖంలో నెత్తురు లేదు. వెయిటర్ రిమోట్ నొక్కాడు. అర్థంకాని భాష వరదలా వచ్చిపడింది.

"గీ భాష ఏంది?"

నా చేతిలో మైక్ ఇంకా ఆన్‌లోనే ఉంది. "మలయాళం సార్" అన్నాను. స్పీకర్లన్నీ అన్నాయి.

కానిస్టేబుల్ జోబి వైపు తిరిగాడు. "నీ భాషనేనా?"

జోబి నన్ను చూశాడు. ఆ చూపులో పిలకాయన ఉన్నాడు, పెనాల్టీ ఉంది, నా పాదాలకి దండం పెట్టబోయిన సంగతీ ఉంది. ఒక్క మాటంటే బార్ మూత.

"అవును సార్" అన్నాడు జోబి నెమ్మదిగా. "కొంచెం పాత మలయాళం."

ఇంకోసారి రోడ్డు మీద పటాకులు కాలిస్తే ఊరుకోనని హెచ్చరించి కానిస్టేబుల్ వెళ్లిపోయాడు. నేను జోబి దగ్గరికెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాను. "మీ కోసం కాదు సార్" అన్నాడు. "చికెన్ సిక్స్టీఫైవ్ ఇంకా రాలేదు."

మైక్‌లో మాటిచ్చాక తప్పుతుందా? యాదగిరి అందరికీ పెట్టాడు. నాకు పెట్టలేదు, నేనూ అడగలేదు. మర్నాడే డబ్బా సలీంకి తిరిగిచ్చేసి, బార్లకి ఇచ్చే అసలు ప్యాకేజీకే కట్టేశాడు. "అంత రేటా అన్నారు కదండీ?" అంటే, "నీతో పోలిస్తే గదే సస్తా సారూ" అన్నాడు.

మంగళవారం కమిటీ మీటింగ్. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. అప్పటికే కిట్టు తీసిన వీడియో కాలనీ అంతా చూసేసింది. నేను జోబి భుజాల మీద కూర్చుని గోల్ వెనక్కి తీసుకుంటున్న వీడియో, కింద బీట్ కూడా కలిపాడు. మైక్ కిట్టుకే అన్నారు. నేను తలూపాను. లడ్డూ గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నవ్వొస్తోందా మీకు? నాకు మాత్రం ఏడుపే వచ్చింది.

యాదగిరి చూశాడు కాబోలు. "నిన్ను ఇడిచిపెడ్తమా సారూ? మండపంల నీకు గూడ డ్యూటీ ఉంది" అన్నాడు.

"ఏంటండీ?"

"జనరేటర్. కరెంట్ వచ్చిందా పోయిందా నీకన్న ముందుగాల ఎవనికి తెలుస్తది?"

కమిటీ మొత్తం చప్పట్లు కొట్టింది. అదే నా కొత్త పేరు, కరెంట్ ప్రసాద్. మా వాచ్‌మన్ ఆ వీడియో చూసి సోమవారమే పెట్టేశాడు, కమిటీ ఖాయం చేసింది.

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి, కాసేపటికి వచ్చింది. పిల్లలంతా ఒక్కసారిగా "హేఏఏ!" అన్నారు. నేను సోఫాలోంచి లేచి, చెయ్యి పైకెత్తి, గొంతు సవరించుకున్నాను. వంటింట్లోంచి విజయ కేకేసింది.

"ఏవండీ, కూర్చోండి. అది గోల్ కాదు."